కంపైలర్ నమ్మిన బేఫికర్

చెరుకు బండ్లను కంప్యూటర్‌తో వరుసలో నిలబెట్టిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ ముక్క నిజామాబాద్‌లో మా వీధి చివరి టీకొట్టు దగ్గర ఎన్నోసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనకపోవడానికి కారణం ఎవరూ వినకపోవడం. అసలు సంగతి ఏమిటంటే, ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డు మీద ఒక చిన్న బెల్లం కార్ఖానా ఉంది. దానికి ఒక గేటు, బండ్లను తూచే ఒక కాంటా, గేటు పక్కన రేకుల గదిలో ఒక పాత కంప్యూటర్. నేను వరుసలో నిలబెట్టింది ఆ ఒక్క గేటు ముందుకొచ్చే బండ్లను. అవి కూడా అన్ని రోజులూ నిలబడలేదు. ఆ నిలబడని రోజు గురించే ఇదంతా.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఊరికే కూర్చోలేక సి ప్లస్ ప్లస్ నేర్చుకున్నాను. ఆ భాషను నెల తిరక్కుండా మింగేశానని చెప్పుకున్నాను. మింగిన మాట నిజమే. అరగలేదు. కార్ఖానా సేటు ఒకప్పుడు నా దగ్గర చదివినవాడు. ఒకరోజు వచ్చి, "సార్, బండ్ల కాడ రోజు లొల్లి అయితుంది. నేను ముందంటె నేను ముందని మీద వడి కొట్టుకుంటున్రు. మీరు జెర ఏమన్న జెయ్యండ్రి" అన్నాడు. అంతవరకూ చీటీల మీద నంబర్లు రాసి ఇచ్చేవారు. చీటీలు పోయేవి, తడిసేవి, ఒక్కోసారి చేతులు మారేవి. నేను ప్రోగ్రాం రాశాను. గేటు దగ్గరికి బండి రాగానే పేరు ఎక్కుతుంది, కెమెరా ఫొటో తీస్తుంది, ఎర్ర అంకెల బోర్డు మీద ఎవరి నంబరు వస్తే వాళ్లు కాంటా ఎక్కాలి.

"మల్ల చీటీలు గూడ ఇద్దామా సార్? ఏమన్న అయితే ఎట్ల?" అన్నాడు సేటు.

"బేఫికర్ ఉండు" అన్నాను.

దిగులు పడకు అని చెప్పే ఈ మాట లేకుండా మా వైపు పొద్దు గుంకదు. కరెంటాయన స్తంభం మీద నుంచి బేఫికర్ అంటాడు, కరెంటు రాదు. టైలర్ పెళ్లి ముందురోజు బేఫికర్ అంటాడు, జాకెట్టు రాదు. అనేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అది హామీ కాదు, మర్యాద. ఇంటికొచ్చినవాళ్లను నీళ్లు తాగుతారా అని అడగడం లాంటిది. దాన్ని పట్టుకుని ఎవరూ ఎవరినీ నిలదీయరు. నేను నా జన్మలో ఆ మాటను ఎంత వాడానంటే, నేను బేఫికర్ అన్నానని తెలిస్తే మా ఆవిడ వెంటనే ఇంకో ఏర్పాటు చూసుకునేది.

సి ప్లస్ ప్లస్‌లో కూడా ఒక బేఫికర్ ఉంది. దాని పేరు నోఎక్సెప్ట్.

అదేమిటో చెప్పాలంటే ఇల్లు మారడం గురించి చెప్పాలి. ప్రోగ్రాంలో బండ్ల జాబితా ఒక చోట పక్కపక్కనే సర్ది ఉంటుంది. కొత్త బండ్లు వచ్చి ఆ చోటు నిండితే, ప్రోగ్రాం అంతకన్నా పెద్ద చోటు చూసుకుని అందరినీ అక్కడికి మారుస్తుంది. మార్చడానికి రెండు దారులు. ఒకటి, పాత ఇంట్లో చెంచా కూడా కదపకుండా, కొత్త ఇంట్లో ప్రతిదానికీ నకలు పెట్టించి, అంతా కుదిరాకే పాతది ఖాళీ చేయడం. ఆలస్యమే కానీ, మధ్యలో ఏం చెడినా పాత ఇల్లు చెక్కుచెదరదు. రెండోది, ఉన్న సామానునే ఎత్తుకుపోవడం. చకచకా అయిపోతుంది. కానీ దారిలో బండి బోల్తా పడితే సగం ఇక్కడ, సగం అక్కడ, సంసారం ఎక్కడా లేదు. ఈ ఎత్తుకుపోయే పని రాసుకున్న భాగాన్ని మూవ్ కన్‌స్ట్రక్టర్ అంటారు. అది మధ్యలో చెడదని రాసినవాడు ముందే మాట ఇస్తేనే జాబితా ఎత్తుకుపోయే దారి పడుతుంది. మాట లేకపోతే నకళ్ల దారి. ఆ మాట ఇవ్వడమే నోఎక్సెప్ట్ అని రాయడం.

ఇక కంపైలర్. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం అది. సెమికోలన్ మరిచిపోతే ఆకాశం విరిగిపడ్డట్టు కేకలేస్తుంది. కానీ నోఎక్సెప్ట్ అని రాస్తే, నువ్వు లోపల ఏం రాశావు, అది నిజంగా చెడదా అని తరచి చూడదు. పెద్దమనిషి మాట ఇచ్చాడు, అంతే. ఒక్క షరతు మాత్రం చడీచప్పుడు లేకుండా పెట్టుకుంటుంది. ఆ మాట తప్పిన రోజు బతిమాలుకోవడాలు ఉండవు. ప్రోగ్రాం ఉన్నపళంగా, ఉన్నచోటే ఆగిపోతుంది.

నేను మొదట ఆ మాట రాయలేదు. జాబితా ఇల్లు మారినప్పుడల్లా ఫొటోలన్నిటికీ నకళ్లు తీస్తూ కంప్యూటర్ గుడ్లు తేలేసేది. "సార్, దీనికన్న మా దున్నపోతు నయం, మూల్గుకుంటనన్న నడుస్తది" అన్నాడు సేటు. ఇంటికి పోయి, అక్కడా ఇక్కడా చదివి, నోఎక్సెప్ట్ అని చేర్చాను. కంపైలర్ కిక్కురుమనలేదు. ప్రోగ్రాం పరుగెత్తింది. కొత్త ఇంజను ఎక్కించానని సేటుతో చెప్పాను. ఎక్కించింది ఒక్క మాట.

ఆ మాట పక్కనే నేను చేసిన ఘనకార్యం ఒకటి కూర్చుని ఉంది. మూవ్ కన్‌స్ట్రక్టర్ రాసేటప్పుడు నాకొక అనుమానం వచ్చింది. మూవ్ అంటే కదలడం కదా. బండి కదిలితే బోర్డుకు తెలియాలి కదా. బోర్డుకు నంబరు పంపే పనిని దాని లోపల పెట్టాను. గేటు ముందు ట్రాక్టర్ ముందుకు జరగడమూ, కంప్యూటర్ కడుపులో దాని వివరం చోటు మారడమూ ఒకటే అనుకున్నాను. నిజామాబాద్‌కూ బోధన్‌కూ మధ్య ఈ తప్పు చేయగల మనిషిని నేనొక్కణ్ణే, ఈ విషయంలో మాత్రం అతిశయోక్తి లేదు.

దాంతో ఏమయ్యేదంటే, జాబితా ఇల్లు మారినప్పుడల్లా బోర్డు మీద నంబర్లన్నీ ఒక్కసారి గిర్రున తిరిగేవి. "గిదేంది సారూ?" అని డ్రైవర్లు అడిగేవారు. "హాజరు తీసుకుంటున్నది" అన్నాను. వాళ్లకు ఆ మాట నచ్చింది. నంబర్లు తిరిగినప్పుడు ఒకరిద్దరు బీడీలు దాచి నిటారుగా నిలబడేవారు కూడా. ఎందుకు తిరుగుతున్నాయో అప్పటికి నాకూ తెలియదు.

మా అక్కది రెంజల్ వైపు ఊరు. నా కన్నా పెద్దది, నా కన్నా గట్టిది. బోధన్ పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ల ఊళ్లో ఒక్కొక్కరే చెరుకు తీసేసి వరి వేసుకున్నారు. అక్క వినలేదు. బావ పోయాక కూడా బోరు కింద ఆ ఒక్క మడి చెరుకు ఉంచుకుంది. కొడుకులు ఏటా పోరు పెడుతూనే ఉన్నారు. పోయిన ఏడు ఒప్పందానికి వచ్చారు. ఈసారి చెరుకు తూకం బాగా వచ్చి, బెల్లం బాగా కడితే మడి ఉంటుంది. లేదంటే దున్నేసి వరి. అక్క సరేనంది. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, గా కార్ఖానల నీ కంప్యూటరే ఉన్నదట గద. కోసిన చెరుకు ఎండల నిలవడితె కట్టెలయితది. నా బండ్లు నిలవడకుంట సూడు" అని చెప్పింది.

నేనేమన్నానో మీకు తెలుసు.

కార్ఖానాలో యంత్రం కొన్నాళ్లు రిపేరులో ఉండి, అక్క చెరుకు కొట్టించిన మర్నాడే మళ్లీ గేటు తెరిచారు. ఆగిన బండ్లన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. మహారాష్ట్ర వైపు నుంచి లారీలు కూడా. నేను నిజామాబాద్ నుంచి పొద్దున్నే బస్సులో దిగేసరికి అక్క రెండు ట్రాక్టర్లు గేటు దగ్గరే ఉన్నాయి. నా చేత్తోనే పేరు ఎక్కించాను. నంబరు బాగా ముందుకొచ్చింది.

"ఇంక నిలవడే పని లేదక్కా. రోడ్డవతల యాపచెట్టు కింద నీడకు పెట్టియ్. బోర్డు మీద నీ నంబర్ పడంగనె రాండ్రి. బేఫికర్ ఉండు" అన్నాను.

"జాగ ఇడిస్తె ఎట్లరా? ఎనుకటోడు జొరవడడా?"

"జొరవడ్తె పడనీ. జాగ గేటు కాడ కాదు, కంప్యూటర్ల ఉన్నది."

ఆ మాట అక్కకు నచ్చింది. ట్రాక్టర్లు నీడకు పోయాయి. పోతూ పోతూ ఒక గడ లాగి, విరిచి, నా చేతిలో పెట్టింది. "తిను. నీ పండ్లు రాయి లెక్కనె ఉన్నయంటివి గద." ఈ వయసులోనూ చెరుకు పళ్లతోనే ఒలుస్తానని నేను అందరి దగ్గరా కోసుకునేవాణ్ణి. "డ్యూటీల ఉన్నక్కా" అని ఆ ముక్కను జేబులో పెట్టుకున్నాను.

పొద్దెక్కాక ఒక ట్రాలీ మీద అడ్డదిడ్డంగా వేసిన చెరుకు బోర్డు స్తంభానికి రాసుకుంటూ పోయింది. వైరు తెగింది. బోర్డు ఆరిపోయింది. నేను కంగారు పడలేదు. ప్రోగ్రాంలో బోర్డుకు నంబరు పంపే మామూలు చోట, అది అందుకోకపోతే పోనీలే అని వదిలేసే ఏర్పాటు రాసి ఉంచాను. "బోర్డు ఆరాం తీసుకుంటుంది, నేనే పిలుస్త" అని కిటికీలోంచి నంబర్లు అరవడం మొదలుపెట్టాను. పని సాగింది. అక్క వంతు ఇంకాస్త దూరంలో ఉంది.

మధ్యాహ్నం ఒక కొత్త బండి పేరు ఎక్కించి బటన్ నొక్కాను. తెర మీద ప్రోగ్రాం లేదు. ఆగిపోవడం కూడా కాదు, అక్కడ ఎప్పుడూ లేనట్టు లేదు. జాబితా లేదు. ఫొటోలు లేవు. వాటిని డిస్కు మీద ఎక్కడా దాచే ఏర్పాటు చేయలేదు. చీటీలు నేనే మాన్పించాను.

మళ్లీ తెరిచాను. మొదటి బండి పేరు ఎక్కించాను, ఎక్కింది. రెండోది ఎక్కించాను, ప్రోగ్రాం మాయం. మళ్లీ తెరిచాను. మొదటిది ఎక్కింది, రెండోది ఎక్కించగానే మాయం. ఎన్నిసార్లు చేసినా అంతే.

కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న డ్రైవరొకడు వెనక్కి తిరిగి కేకేశాడు. "అరే, గిది మొదటోన్నే తీస్కుంటదట!"

అంతే. అందరూ మొదటివాళ్లయ్యారు. ట్రాక్టర్లు ఒకదాని పక్క నుంచి ఒకటి దూరాయి. ఇంజన్ల మోతలో నా మాట నాకే వినబడలేదు. ఒక లారీ డ్రైవర్ కిటికీలోకి తల పెట్టి, "అహో కాకా, మాఝా నంబర్ కుఠే గేలా?" అని తన నంబరు ఎక్కడికి పోయిందని అడిగాడు. నాకు మరాఠీ గడగడా వచ్చని వాడితో పొద్దున అన్నాను. వచ్చిన నాలుగు మాటల్లో జవాబుకు పనికొచ్చేది లేదు. చేతులు తిప్పాను.

సేటు పరుగెత్తుకొచ్చాడు. నా మొహం చూశాడు. బయటికి పోయి, "గేటు కాడ ఎవలుంటె వాల్లె ముందు. ఉన్నోల్లు ఉన్నట్టె లైన్ల రాండ్రి. కంప్యూటర్ లేదు, గింప్యూటర్ లేదు" అని చెప్పేశాడు.

గేటు కాడ ఎవరున్నారు? నా మాట నమ్మనివాళ్లందరూ ఉన్నారు. వేపచెట్టు నీడ నుంచి అక్క ట్రాక్టర్లు రోడ్డు దాటి వచ్చేసరికి లైను దూరంగా ఉన్న కల్వర్టు దాటిపోయింది. అవి దాని చివర ఎండలో నిలబడ్డాయి.

నేను గదిలోంచి బయటికొచ్చి సేటును పట్టుకున్నాను. "అక్క ముందే వచ్చింది. నేనే ఎక్కించిన. ఇగ ఇద్దరు ముగ్గురైతె ఆమె వంతే."

చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారా. "సారు అక్కనట! అందుకే కంప్యూటర్ బంద్ పెట్టిండు" అని ఒకడు. ఇంకొక పెద్దాయన, టీకొట్టు దగ్గర నాకు పరిచయమే, నెమ్మదిగా అందుకున్నాడు. "సారూ, పోచంపాడ్ల నిలువెత్తు చేపను ఉత్త చేతులతోని వట్టినంటివి. మల్ల గిది గూడ గసొంటిదేనా?"

అందరూ నవ్వారు. సేటు కూడా పెదవి కొరుక్కున్నాడు. ఆ చేప సంగతి మీకు చెప్పేస్తాను, వాళ్లకు చెప్పలేదు. పోచంపాడ్ ఆనకట్ట దగ్గర బెస్తవాళ్ల దగ్గర కొన్నాను, మోచేయంత ఉంటుంది, సంచిలో పెట్టి కట్టి ఇచ్చారు. అక్క వంతు గురించి మాత్రం నా జన్మలో మొదటిసారి అక్షరం పొల్లుపోని నిజం చెబుతుంటే, దాన్ని నిలబెట్టే సాక్షి ఒక్కరు లేరు. ఒట్టు వేయబోయాను. నా ఒట్లు కూడా వాళ్లకు తెలుసు.

అక్క అంతా వింది. కొంగుతో మెడ తుడుచుకుంటూ నన్ను పక్కకు లాగింది. "ఇంక ఒర్రకు. మొత్తుకుంటె నవ్వుతున్రు" అని, "నా నంబర్ ఇంక దొరకదా తమ్మీ?" అంది.

"సూస్తున్నక్కా."

"ఏడ సూస్తున్నవ్? నా మొకం సూస్తున్నవ్."

గదిలోకి పోయి కుర్చీలో కూర్చున్నాను. ఏం చూడాలో తెలియలేదు. తెరిచేది, మొదటి బండి, రెండో బండి, మాయం. తెరిచేది. పని చేస్తున్నట్టు కనబడటానికి చేతులు కదుపుతూనే ఉన్నాను. కిటికీలోంచి కల్వర్టు కనబడుతుంది. గడల మీద ఆకు వాడిపోయి తెల్లబడటం అంత దూరం నుంచి కనబడదు కానీ, నాకు కనబడింది.

పొద్దు వాలుతుండగా కరెంటాయన వచ్చి స్తంభమెక్కి వైరు ముడేశాడు. బోర్డు వెలిగింది. నేను యథాలాపంగా మరోసారి బటన్ నొక్కాను. రెండో బండి ఎక్కింది. మూడోది ఎక్కింది. బోర్డు మీద నంబర్లు గిర్రున తిరిగి హాజరు తీసుకున్నాయి. గేటు దగ్గర ఈలలు వేశారు. "సారు పట్టిండు!" అన్నారు. దొరికిందన్నట్టు తల ఊపాను. నాకేం దొరకలేదు. అప్పటికి కల్వర్టు దాటిన లైను కల్వర్టు దాటే ఉంది, కొత్త జాబితా కూడా అదే వరుసలో ఎక్కింది, అక్క పేరు అన్నిటికన్నా కిందికి నా చేత్తోనే ఎక్కించాను.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో ఆమె ట్రాక్టర్లు కాంటా ఎక్కాయి. తూకం బాగా తగ్గింది. రసం తీసి పెనంలో పోశాక పాకం చూసే ఆయన గరిటెతో ఎత్తి, కిందికి జారనిచ్చి, "అమ్మా, చెరుకు నిల్వయింది. గడ్డ కట్టదు" అన్నాడు.  అక్క పాకం వైపు ఒకసారి చూసి, ఖాళీ ట్రాక్టర్లను ఇంటికి మళ్లించమంది.

సంగతి నాకు ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు గాని బోధపడలేదు. రాసినదంతా ముందేసుకుని కూర్చుంటే ఆ లైను కనబడింది. జాబితా ఇల్లు మారాలి. మారుతూ ఒక్కొక్క బండినీ ఎత్తుతుంది. ఎత్తినప్పుడల్లా బోర్డుకు చెబుతుంది. వైరు తెగిన బోర్డు పలకదు. పలకకపోతే తప్పు జరిగిందని కేక పుడుతుంది. మామూలు చోట ఆ కేకను పట్టుకునే ఏర్పాటు ఉంది, ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్నది నోఎక్సెప్ట్. ఇక్కడ కేక పుట్టదని పెద్దమనిషి మాట ఇచ్చాడు. పుట్టింది. ప్రోగ్రాం ప్రాణం తీసుకుంది. పొద్దున తెగిన వైరు మధ్యాహ్నం దాకా చంపకపోవడానికి కారణం, అప్పటిదాకా చోటు సరిపోవడం. కొత్తగా తెరిస్తే జాబితా ఒక్క బండికి సరిపడే చోటుతో మొదలవుతుంది, రెండో బండికే ఇల్లు మారాలి, అందుకే రెండో బండికే చచ్చింది. నేను ఆ మాట ఇవ్వకపోయి ఉంటే నకళ్ల దారిలో దున్నపోతులా నడిచేది. ఆ దారిలో బోర్డుతో పనే లేదు. జాబితా ఉండేది, అక్క నంబరూ ఉండేది.

ఇన్నేళ్లలో నా బేఫికర్‌ను మా ఆవిడ నమ్మలేదు, టీకొట్టువాళ్లు నమ్మలేదు, నేనూ నమ్మలేదు. కంపైలర్ నమ్మింది.

బోర్డు లైను తీసేశాను. అది తీశాక నోఎక్సెప్ట్ అన్నది నిజమైన మాటే, ఉంచుకోవచ్చు. కానీ ఉంచడానికి చెయ్యి రాలేదు, దాన్నీ తీసేశాను. సేటు దున్నపోతు సామెత మళ్లీ మొదలుపెట్టాడు. చీటీలు కూడా మొదలుపెట్టాడు.

ఆ తర్వాత రెంజల్ బస్సెక్కి అక్క ఊరికి పోయాను. నేను పోయేసరికి మడిలో ట్రాక్టర్ తిరుగుతోంది. చెరుకు మొదళ్లు వేళ్లతో సహా లేచి తిరగబడుతున్నాయి. గట్టు మీద అక్క కూర్చుని ఉంది. పెద్ద కొడుకు నన్ను చూసి, "మామా, రా కూసో" అని మర్యాదగా అని, మళ్లీ ట్రాక్టర్ వైపు నడిచాడు.  తిట్టి ఉంటే బాగుండేది.

అక్కకు అంతా చెప్పాను. వైరు, బోర్డు, ఇల్లు మారడం, ఆ ఒక్క మాట. ఎంత అర్థమైందో తెలియదు, కానీ మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక గట్టు పక్కన మిగిల్చిన గడ ఒకటి తీసి కొడవలితో చెక్కు తీసింది. గింజల్లా సన్నగా ముక్కలు కోసి, అరచేతిలో పోసింది.

"గింత సన్నగ ఎందుకక్కా?"

"నీయి కట్టుడు పండ్లని నాకు తెల్వదారా?"

నేను నవ్వబోయి ఆగాను. ముక్కలు నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉన్నాయి. ట్రాక్టర్ మా దాకా వచ్చి మళ్లింది.

"పండ్ల సంగతి తెలుసు, చేప సంగతి తెలుసు" అన్నాను. "మల్ల ఆ పొద్దు నేను బేఫికర్ అంటె బండ్లెందుకు తీసినవ్? నా మాట ఎట్ల నమ్మినవ్?"

అక్క కొడవలిని చీర అంచుకు తుడిచింది.

"నీ మాట అనుకోలే తమ్మీ. కంప్యూటర్ మాట అనుకున్న."